ఫోటో పెట్టెకు కట్టిన తాడు

సముద్రం దాటి కూలికొచ్చి లెస్కాలియే దగ్గర చెరకు తోటల్లో మేముండే రోజుల్లో, పెద్ద తుపాను వెలిసిన ఉదయం నేను ఏట్లో కొట్టుకుపోయాను. పూర్తిగా పోలేదు లెండి, విరిగి అడ్డంగా పడ్డ చెట్టుకొమ్మ చేతికి దొరికింది. మా మేకను కాపాడదామని దిగాను. మేక తనంతట తాను గట్టెక్కి, నా వంక చూస్తూ ఆకులు మేయసాగింది.

సరిగ్గా అప్పుడే పోర్ట్ లూయిస్ నుంచి ఒక పత్రికా దొర ఎడ్లబండిలో వచ్చాడు, తుపాను నష్టాన్ని ఫోటోలు తీయడానికి. అంతవరకు కూలిన పాకలు తప్ప ఏమీ దొరకలేదేమో, నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మూడు కాళ్ల కర్రమీద ఫోటో పెట్టె నిలబెట్టి, గాలికి పడకుండా పొడవాటి తాడుతో బండి చక్రానికి కట్టాడు. గట్టుమీద ఉన్న తాడు అదొక్కటే.

"ముస్యే, లాకోర్ద్! లాకోర్ద్ ఇయ్యండి, పిల్ల పోతాది!" అని మా మామ ఆ తాడు చూపించి మొత్తుకున్నాడు. దొర వస్తువు మీద చెయ్యేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అందుకే ముట్టుకోలేదు.

దొర ధర్మసంకటంలో పడ్డాడు. తాడు విప్పితే పెట్టె పడుతుంది, విప్పకపోతే నేను పోతాను. తల పట్టుకున్నాడు, నిట్టూర్చాడు. మంచి మనిషే, చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే పెట్టె వెనక వేలాడే నల్లగుడ్డలో తల దూర్చి, "పా బూజే!" అని అరిచాడు, కదలొద్దని. నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఏటికి చెప్పాలి గాని నాకా? గట్టుమీది జనం మాత్రం బుద్ధిగా కదలకుండా నిలబడ్డారు.

ఇంతలో మా అత్త కేక. "ఒలే కోడలా, తలమీద కొంగెయ్యే! పరాయి మగోడు సూత్తన్నాడు!"

పక్క గుడిసెల భోజ్‌పురి అత్తలను చూసి నేర్చుకున్న మర్యాద అది. నేనేం తక్కువ తిన్నానా? ఒక చెయ్యి వదిలి కొంగు లాక్కున్నాను. రెండో చెయ్యి జారడం మొదలైంది. పోతే పోయాను, తలమీద కొంగుంది.

అది చూసి అత్తకు ఏమైందో, చరచరా తన చీర విప్పేసింది. ఒక కొసకు రాయి కట్టి నాకు విసిరి, రెండో కొస పట్టుకుని అంతమంది మగాళ్ల మధ్య లంగా రవికలతో నిలబడి లాగింది. మామ, మిగతావాళ్లు అప్పుడు కదిలారు. దొర గుడ్డలోంచి తల తీసి చటుక్కున మొహం అటు తిప్పుకున్నాడు. ఆడమనిషిని అలా ఫోటో తీయడం మర్యాద కాదట. మునిగిపోయేదాన్ని తీయొచ్చు.

కొన్నాళ్లకు ఫోటో తెచ్చిచ్చాడు. జనం చక్కగా పడ్డారు, మేక కూడా. నేనుండాల్సిన చోట తెల్లటి మరక ఉంది. కదిలాను కదా మరి. ఆ రోజు నుంచి తనకు నిద్ర పట్టడం లేదని, చేసింది తప్పో ఒప్పో తేలడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అత్త టీ ఇచ్చి ఓ మాట చెబితే, మామ దాన్ని దొరకు తెలిసిన క్రియోల్ భాషలోకి మార్చాడు.

"ముస్యే, మల్లీ వరదొత్తే రండి. ఆ పెట్టి కూడా తెచ్చుకోండి. తాడు మాత్రం ముందే ఇప్పి ఉంచండి. నాకున్న మంచి సీర అదొక్కటే, అదీ సిరిగిపోనాది."