ఎక్కడ నొస్తుందని అడిగే మా పీడీ సారు

శనివారం పొద్దున బడిలో ప్రార్థనకు పిల్లల్ని వరుసల్లో నిలబెడుతుంటే ఫోను మోగింది. చేసింది జగిత్యాల కాలేజీలో నాకంటే ఒక ఏడాది చిన్నవాడు, నాతోపాటు పరుగెత్తినవాడు, ఇప్పుడు ఆర్టీసీ బస్సు నడుపుతున్నాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు బాగా తగ్గించాడు.

"అక్కా, పీడీ సారు పోయిండే."

"యాడికి?" అని అడిగాను.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత ఏడుపు వినిపించింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. తెల్లవారాక మంచం మీంచి లేచి కూర్చున్నారట, నీళ్ళు అడిగారట, గ్లాసు అందుకునేలోపే ఒరిగిపోయారట.

జగిత్యాల డిగ్రీ కాలేజీలో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఫిజికల్ డైరెక్టరు. అందరికీ పీడీ సారు. మార్కెట్లో కూరగాయలమ్మే అమ్మ కూడా "పీడీ సారూ, వంకాయలు లేతగున్నయ్" అని పిలిచేది. కబడ్డీ, వాలీబాల్ జట్లను కూడా ఆయనే చూసుకునేవారు గానీ ప్రాణమంతా పరుగు మీదే. కాలేజీ గ్రౌండులో సున్నం గీతల మధ్య పరుగెత్తించేవారు. అంతకన్నా ఎక్కువగా కాలువ కట్ట మీద, మట్టిబాటల మీద, గుట్టలెక్కించి దించి పరుగెత్తించేవారు. క్రాస్ కంట్రీ అనే పోటీ ఒకటుందని మా వైపు చాలామంది పిల్లలకు తెలిసింది ఆయన వల్లే.

నేను సిరిసిల్ల పిల్లను. మా నాన్న సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. అమ్మ బీడీలు చేసేది. డిగ్రీకి జగిత్యాలలో సీటు, హాస్టలు దొరికాయి. సర్టిఫికెట్లు ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆఫీసులో క్లర్కు లేడు. వరండాలో నిలబడ్డ ఒక సన్నటి మనిషి నన్ను చూసి, "బిడ్డా, గా అవతలి బిల్డింగుల ఉంటడు, జెర పిలుచుకరాపో" అన్నారు. నేను ఉరికి పోయి, చెప్పి, ఉరికి వచ్చాను. ఆయాసపడకుండా నిలబడ్డ నన్ను ఆయన ఎగాదిగా చూశారు.

"దమ్ము రాలేదేంది నీకు?"

"దగ్గరనేనాయె సార్, ఎందుకొస్తది?"

"అయితే ఇంకోపారి పోయి రా. పాపం, కళ్ళద్దాలు మర్చిపోయిండో ఏమో అడుగు."

నేను మళ్ళీ ఉరికాను. క్లర్కు నవ్వుతూ తన ముక్కు మీది కళ్ళద్దాలు చూపించాడు. తిరిగి వచ్చేసరికి సారు చేతి గడియారం చూసుకుంటున్నారు. "రేపు పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండుకు రా" అన్నారు. అంతే, నా చదువు సంగతి ఏమీ అడగలేదు.

నాన్న ఒప్పుకోలేదు. ఆడపిల్ల రోడ్ల మీద ఉరకడమేంటని కబురు పెట్టాడు. ఆ ఆదివారమే సారు నన్ను వెంటబెట్టుకుని వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల వచ్చారు. ఇంటికి కాదు, నేరుగా సాంచెల షెడ్డుకే పోయారు. ఆ చప్పుడులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. సారు నాన్న చెవి దగ్గర అరిచారు, నాన్న సారు చెవి దగ్గర అరిచాడు. చివరికి నాన్న తాను నడుపుతున్న సాంచెలు ఆపేశాడు. పని గంటల్లో ఆయన సాంచె ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"నిక్కరేసుకొని ఉర్కాల్నా సార్?" అన్నాడు.

"ప్యాంటేసుకొని ఉర్కుతది. బట్టల్ల ఏమున్నదన్నా, దమ్ముల ఉన్నది."

"ఏమన్నయితే?"

"నేనున్న గదా."

నాన్న చాలాసేపు ఆలోచించి, "మీ మాట మీద పంపుతున్న" అన్నాడు.

మా పరుగు కాలువ కట్ట మీద. మేం ముందు, సారు వెనక సైకిలు మీద. తర్వాతి ఏళ్ళలో మోపెడ్ కొన్నారు గానీ మా రోజుల్లో సైకిలే. ఎవరెంతసేపట్లో వచ్చారో కాగితం మీద రాసుకునేవారు కాదు. బాల్‌పెన్నుతో ఎడమ ముంజేతి మీద రాసుకునేవారు. చెమటకు అవి చెదిరిపోతే మమ్మల్నే, "నిన్న నువ్వెంతల అచ్చినవ్?" అని అడిగేవారు. మేం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. ఆయన భార్యను మేమంతా అమ్మా అనేవాళ్ళం. "ఈయన చొక్కాల చేతులు నేను పిండీ పిండీ, నా చేతులు నీలమైనయ్" అని ఆమె నవ్వేది.

బాగున్నావా అని ఆయన ఎవరినీ అడిగేవారు కాదు. "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగేవారు. ఏమీ తినలేదంటే చేతి సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి, తినేదాకా అక్కడే నిలబడేవారు. పరుగులో వెనక్కి తిరిగి చూస్తే మాత్రం కోపం వచ్చేది. "ఎనుకొచ్చేటోళ్ళు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు వస్తరు. నీకేం పని?" అనేవారు.

రెండో ఏడాదికి నేను యూనివర్సిటీ పోటీల్లో ముందు వరుసలో ఉండే పిల్లనయ్యాను. పోలీసు ఉద్యోగానికి పోవాలని మనసులో గట్టిగా ఉండేది. ఇంట్లో అమ్మ అప్పటికే నన్ను "ఎస్సై" అని పిలిచేది.

ఆ చలికాలం నా ఎడమ కాలి ఎముక మీద, మోకాలికి కింద, ఒకచోట నొప్పి మొదలైంది. వేలు పెట్టి చూపగలిగేంత చిన్నచోటు. సారుకు చెప్పాను. "ఉరికేటోళ్ళందరికి ఉంటది, ఐసు పెట్టుకో" అన్నారు. వారం పోయాక మళ్ళీ చెప్పాను. పోటీ ఇంకా పది రోజులుంది. జట్టుకు ఆరుగురు అమ్మాయిలు కావాలి, మేం సరిగ్గా ఆరుగురమే. సారు నా మొహం చూడకుండా, "ఈ పది దినాలు పట్టుకో బిడ్డా, అటెన్క నెల రోజులు ఉరకకు" అన్నారు.

పంటి బిగువున పట్టుకున్నాను. పోటీ రోజు గుట్ట ఎక్కేదాకా మూడో స్థానంలో ఉన్నాను. దిగేటప్పుడు కాల్లో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నేను విన్నాను. తర్వాత నేల మీద ఉన్నాను.

కరీంనగర్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసిన డాక్టరు మండిపడ్డాడు. "ఇది ఇయ్యాల ఇరిగింది కాదు. ఎన్నో దినాల సంది చీలుకుంట వస్తున్నది. నొస్తుందని ఎవ్వరికన్న చెప్పినవా లేదా?" అని నన్ను గద్దించాడు.

నేను నోరు తెరవలేదు. చెబితే సారు మీదికి వస్తుందని తెలుసు. అప్పుడు మంచం పక్కన నిలబడ్డ సారు అన్నారు.

"చెప్పింది డాక్టర్ గారూ. రెండుసార్లు చెప్పింది. నేనే వినలే."

గదిలో ఇంకా ఇద్దరు లెక్చరర్లున్నారు, నర్సుంది. వాళ్ళందరి ముందు అన్నారు. రెండు రోజుల తర్వాత సిరిసిల్లలో మా నాన్న ముందు కూడా అదే మాట, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పారు. నాన్న తిట్టలేదు. "మీ మాట మీద పంపిన సార్" అని మాత్రం అని లోపలికి పోయాడు. సారు మా ఇంటి ముందరి అరుగు మీద చాలాసేపు కూర్చుని, ఎవరూ పిలవకపోతే లేచి బస్టాండుకు నడిచిపోయారని అమ్మ చెప్పింది.

కాలు అతికింది గానీ మునుపటిలా కాలేదు. నడవగలను, నెమ్మదిగా ఉరకగలను. పోటీకి, పోలీసు పరీక్షకు పనికిరాదు. సారు రెండు వారాలకోసారి వచ్చేవారు. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" అని నా వీపుకు అడిగి పోయేవారు. కాలేజీకి తిరిగి వెళ్ళాక కూడా గ్రౌండు పక్కనుంచి పోకుండా చుట్టు తిరిగి క్లాసుకు పోయేదాన్ని. డిగ్రీ అయిపోయింది. నాన్న ఎక్కడినుంచో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు దరఖాస్తు తెచ్చాడు, చేరాను. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా కుదిరాను. అక్కడే పెళ్ళయింది. ఆరేళ్ళు సారుతో మాట్లాడలేదు.

ఒకరోజు మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి, "టీచర్, కాలు నొస్తుంది" అంది. జోనల్ పోటీలు దగ్గరికొచ్చాయి. ఆ పిల్ల లేకపోతే మాకు రిలే జట్టు లేదు. "ఉరికేటోళ్ళందరికి ఉంటది" అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఆ మాట మింగేశాను. ఆ పిల్లను కూర్చోబెట్టి, ఇంటికి పంపి, సాయంత్రం జగిత్యాల బస్సెక్కాను.

గ్రౌండులో మెట్ల మీద పదిమంది పిల్లలు వరుసగా, కాళ్ళు చాపి కూర్చున్నారు. తల పూర్తిగా నెరిసిన సారు ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని, బొటనవేలితో కాలి ఎముక మీద పైనుంచి కిందిదాకా నొక్కుతూ, "ఇక్కడ నొస్తుందా? ఇక్కడ?" అని అడుగుతున్నారు. నేను దూరంగా నిలబడ్డాను. పక్కన బూట్లు విప్పుతున్న ఒక అమ్మాయిని అడిగాను, ఏం చేస్తున్నారని.

"రోజు గిట్లనే మేడం. నొస్తుందంటే ఉరకనియ్యడు. పోయినేడు పోటీకి రెండు దినాల ముంగట మా కెప్టెన్‌ను ఆపిండు. కప్పు పోయింది. ప్రిన్సిపాల్ సారు మస్తు కోపం చేసిండు."

"ఎందుకు గట్ల?"

"ఎన్కట ఒక అక్క నొస్తుందని చెప్తే సారు వినలేదట. ఆమె కాలు ఇరిగిందట. కొత్తగా ఎవరు చేరినా ముందుగాల గదే చెప్తడు. చెప్పేటప్పుడు మా మొఖాలు చూడడు." ఆ పిల్ల కొంచెం ఆగి, "మాకంటే మంచిగ ఉరుకుతుండెనట ఆమె" అంది.

నేను ఎవరో ఆ అమ్మాయికి చెప్పలేదు.

సారు వరుస చివరికి వచ్చి, తలెత్తి నన్ను చూశారు. లేవబోయి, మోకాళ్ళు పట్టేసి, మళ్ళీ కూర్చున్నారు. నేనే దగ్గరికి పోయి ఆ మెట్టు మీద కూర్చున్నాను.

"పొద్దుగాల ఏం తిన్నవ్?" అన్నారు.

"ఉప్మా తిన్న సార్."

"కాలు?"

"సలికాలం గుంజుతది."

ఆయన అరచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని నేనూ అనలేదు. చీకటిపడే వేళకు నన్ను బస్సెక్కించారు. ఆ తర్వాత ఇంటికి పోయినప్పుడు నాన్న చెప్పాడు, శిక్షణ దరఖాస్తు తెచ్చింది సారేనట. తానిచ్చినట్టు తెలిస్తే చింపేస్తుంది, నువ్వే తెచ్చినట్టు ఇయ్యన్నా అన్నారట.

రిటైరయ్యాక శనివారాలు కోరుట్ల వచ్చి, మా బడి పిల్లల్ని పరుగెత్తించేవారు. మూడేళ్ళు వచ్చారు. ఈ ఎండాకాలం మొదలయ్యాక రావడం తగ్గింది. పోయిన సోమవారం ఫోను చేశారు. నేను పిల్లల్ని బస్సుల్లోకి ఎక్కిస్తున్నాను.

"ఈ నడుమ మెట్లెక్కుతే దమ్ము వస్తున్నది బిడ్డా. ఛాతిల జెర బరువుంటున్నది."

"ఎండలకు సార్, నీళ్ళు మంచిగ తాగుండ్రి. మళ్ళ చేస్త" అన్నాను.

మళ్ళీ చేయలేదు.

శనివారం జగిత్యాలకు పోయేసరికి ఇంటి ముందర జనం నిండిపోయారు. లోపల సారు భార్య గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె చేతులు పట్టుకుని ఆ ఫోను సంగతి చెప్పేశాను. "సారు నాకు చెప్పిండమ్మా, నేను వినలే" అన్నాను. ఆమె నా తల తన భుజానికి ఆనించుకుంది.

"నాకు సుత చెప్పిండు బిడ్డా. గ్యాసనుకొని సోంపు నీళ్ళిచ్చిన. నవ్వుకుంటనే తాగిండు."

మధ్యాహ్నం దాటాక తీసుకుపోయారు. పాడె మోసింది ఆయన పరుగెత్తించిన మగపిల్లలే. ఒకరు సైన్యంలో చేసి వచ్చినవాడు, ఒకరు కానిస్టేబుల్, ఒకరు నాకు ఫోను చేసిన బస్సు డ్రైవరు, ఒకరు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు. మేం ఆడవాళ్ళం వెనక నడిచాం. వీధి మలుపు తిరిగి కాలువ కట్ట ఎక్కగానే, ఎవరూ అనుకోకుండానే ఆ నలుగురి అడుగులు వేగమయ్యాయి. ముందు నిప్పుకుండ పట్టుకున్న సారు కొడుకు వెనక్కి తిరిగి చూసి తానూ తొందరపడ్డాడు. వెనకున్న జనం ఉరికినట్టు నడవాల్సి వచ్చింది. సారు భార్యకు అన్న, పెద్దాయన, కర్ర పొడుచుకుంటూ రొప్పుతూ కేకేశాడు.

"నిమ్మళంగ నడువుండ్రి బిడ్డా! ఏం తొందరున్నది ఇప్పుడు?"

నలుగురూ ఆగిపోయారు. డ్రైవరు భుజం మార్చుకునే నెపంతో మొహం చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్ళీ బయలుదేరారు. ఈసారి చిన్న చిన్న అడుగులు, చిన్నపిల్లాడికి నడక నేర్పేటప్పుడు వేసే అడుగులు. నాలుగు జతల కాళ్ళు ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతున్నాయి. ఎండకు కాలువ నీళ్ళు మెరుస్తున్నాయి. ఆ కట్ట మీద అంత నెమ్మదిగా వాళ్ళెవరూ ఎప్పుడూ నడిచి ఉండరు.