డ్రైవర్ మామ రెండో బ్యాటరీ

వ్యాన్ కొనుక్కుని కొండలూ కోనలూ తిరగబోతున్నామని, దాని మీద సోలార్ ప్యానెళ్లు ఎన్ని పెట్టాలో, బ్యాటరీ ఎంతది కొనాలో తేలడం లేదని, "నీకేం తెలుస్తుందిలే అవ్వా" అంటూనే మీలో చిన్నది నిన్న ఫోన్లో అడిగింది. తెలుసు తల్లీ. ఎండ కాసే రోజు సంగతి ఎండే చూసుకుంటుంది. కాయని రోజుకు ఎంత కావాలో చూసి కొనుక్కోండి. ఆ రోజుల్లో, మీ అమ్మ ఇంకా పుట్టకముందు, ఈ ముక్క నేర్చుకోవడానికి నేను చేసిన ఘనకార్యం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నర్సుగా కొత్తగా చేరాను. గోరంట్ల చుట్టుపక్కల కరెంటు లేని పల్లెల్లో తిరిగే ఆసుపత్రి వ్యాన్ మాది. డాక్టరమ్మ, నేను, బండి తోలే డ్రైవర్ మామ, అంతే. వంటా పడకా అన్నీ దాంట్లోనే. లోపల చిన్న ఫ్రిజ్, ఫ్రిజ్‌లో పసిపిల్లల పోలియో చుక్కలు. ఫ్రిజ్ ఆగి మందు వేడెక్కిందంటే పారబోయడమే. బిడ్డలను చంకనేసుకుని మండుటెండలో మైళ్లు నడిచొచ్చిన తల్లులను ఉత్తచేతులతో పంపితే, మళ్లీ పిలిస్తే వస్తారా?

ఆ ఫ్రిజ్ కోసమే బండి మీద రెండు సోలార్ ప్యానెళ్లు బిగించారు. ఒక్క బ్యాటరీ చాలన్నాడట టౌను నుంచి వచ్చిన ఇంజనీరు. "మీ అనంతపురంలో ఎండకు కరువా?" అని నవ్వాడట. ఐదో తరగతి దాటని మామ మాత్రం ఊరుకోలేదు. "ప్యానెలు బోరు మాదిరి సామీ, బ్యాటరీ తొట్టి మాదిరి. బోరులో నీళ్లు పడినాయని తొట్టి చిన్నది కట్టుకుంటామా? బోరు ఎండిన పొద్దు ఏమి తాగల్ల?" అని పట్టుబట్టి రెండోది పెట్టించాడు. (ఇదంతా నేను చేరకముందు సంగతి. ముందే తెలిసుంటే ఈ కథే లేదు.)

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. రంగు వేసిన పట్టు ఎండ ముఖం చూడకూడదు, నీడనే ఆరాలి. పొరపాటున ఎండలో పెడితే మా నాయన ఇల్లు పీకి పందిరేసేవాడు. ఒకసారి ఒక పల్లెలో మకాం వేశాం. క్యాంపు సంగతి చుట్టుపక్కల చెప్పి రావడానికి డాక్టరమ్మా మామా రెండు రోజులూ పొద్దున్నే నడిచి వెళ్లిపోతే, బండికి నేను కాపలా. మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి చూశాను. నెమలికంఠం రంగులో మెరిసిపోతున్న అద్దాలు, చెయ్యి పెడితే పెనంలా చుర్రుమన్నాయి. అయ్యో, ఇంత ఖరీదైన వస్తువు, రంగు వెలిసిపోదూ! (సోలార్ అంటే ఆ అద్దాల కంపెనీ పేరనుకున్నాను.) నాయన కొనిచ్చిన నల్ల కంబళి తెచ్చి కప్పి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. చల్లగా ఉంటుందని చెంబుడు నీళ్లు కూడా చల్లాను, బిందెడు నీళ్లకు రెండు మైళ్లు నడిచే ఊళ్లో! రెండు రోజులు అట్లాగే ఉంచి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఎదురుచూశాను.

రెండో సాయంత్రం, తెల్లవారితే క్యాంపు అనగా, మామ గాజుగొట్టంతో బ్యాటరీల్లోని ఆసిడ్ చూసి తల పట్టుకున్నాడు.

"ఒకటి పూర్తిగా పడిపోయిందమ్మా. రెండోదాంట్లో రవ్వంత ఉండాది."

బండి లోపల డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "ఎట్లయింది? చుక్కలు నిలుస్తాయా?"

"చూస్తా ఉండండి" అని మామ నిచ్చెన ఎక్కాడు. కంబళి చూశాడు. కింద నిలబడిన నన్ను చూశాడు.

"రంగు పోతుందని, మామా..." అన్నాను.

"రంగా? ఎండ తింటేనే పాపా అది పని చేసేది!" అని గుసగుసగా అని, కంబళి మడిచి నా చేతుల్లో పడేసి, లోపలికి వినబడేట్టు గట్టిగా, "మబ్బు పట్టినట్టుండాదమ్మా" అన్నాడు.

బండి నీడలో బీడీ కాలుస్తున్న ఆ ఊరి తాత ఒకాయన ఉలిక్కిపడి లేచాడు. "ఏమప్పా, యాడ పట్టె మబ్బు? మూడేండ్లుగా మెడలు పడిపోయేట్టు చూస్తాండాము. మాకు చెప్పకుండా ఎప్పుడొచ్చి పాయె?"

"మీ పక్కకు రాలేదులే తాతా. బండి మీదనే పట్టి పోయింది."

ఫ్యానూ లైటూ ఆపేశాం. ఫ్రిజ్ తలుపు తెరవద్దన్నాడు మామ. ఆ రవ్వంతతోనే రెండో బ్యాటరీ పొద్దెక్కేదాకా లాక్కొచ్చింది. పొద్దున థర్మామీటర్ చూసి డాక్టరమ్మ తలూపేదాకా నేను ఊపిరి పీల్చుకున్నట్టు గుర్తు లేదు. చిట్టచివరి బిడ్డ నోట్లో చుక్కలు పడ్డాక, బండి చాటుకు పోయి ఏడ్చాను.

నెల తిరక్కముందే ఇంజనీరు వచ్చాడు, రెండో బ్యాటరీ దండగ, విప్పుకుని పోతానని. డాక్టరమ్మ అడ్డం నిలబడింది. "అది లేకుంటే ఆ పొద్దు మందంతా పోయేది. మబ్బు పట్టింది."

ఆయన తలెత్తి, కాలిన రేకులా ఉన్న ఆకాశాన్ని చూశాడు. "మబ్బా? ఈ ఎండాకాలంలోనా?"

"పట్టింది. నేను నా కండ్లతో చూసినాను" అంది రెప్ప వేయకుండా.

బ్యాటరీ మాకే మిగిలింది. మామ చక్రాల గాలి చూస్తున్నట్టు వంగిపోయాడు. ఆ తర్వాత మూడేళ్లు ఆమెతో పనిచేశాను, పక్కపక్కనే పడుకున్నాను, ఒక్కనాడూ అడగలేకపోయాను. మామను అడిగితే, "చుక్కలు చెడలేదు కదా పాపా" అన్నాడు, అంతే. ఇంతకీ ఆమె కండ్లారా చూసింది ఏమిటి?