అంకుల్ తీసేయని పేజీలు

మొన్న మంగళవారం ఉదయం చికాగో ట్రైన్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. కిటికీ బయట మంచు మెల్లగా రాలుతోంది. నేను దిగాల్సిన స్టేషన్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

చికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఆయన మా పక్కింటివారు. గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పందొమ్మిదో శతాబ్దంలో ఎపిస్కోపల్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఓ ఫాదర్ ఉండేవారట. చర్చితో పాటు దగ్గర్లోని యూనివర్సిటీని కూడా నడిపారు. తాను వెళ్లే చర్చివాళ్లు అడిగితే, ఆ ఫాదర్ జీవితం రాయడానికి అంకుల్ పూనుకున్నారు. సగంలో చూపు మందగించింది. అప్పట్నుంచి శనివారం మధ్యాహ్నాలు ఫాదర్ ఉత్తరాలు నేను చదివి వినిపించేదాన్ని.

ఆయన కళ్లు మూసుకుని వినేవారు. "వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. ఇవాళ మన ఫాదర్‌కి ఒంట్లో బాగున్నట్టు లేదు," అనేవారు. జ్వరమొచ్చిన విద్యార్థులకు తానే సూప్ మోసుకెళ్లిన మనిషి ఆ ఫాదర్. వింటూ వింటూ గదిలో ముగ్గురం ఉన్నట్టనిపించేది. మూడో టీ కప్పు తీయబోయి ఆగిన రోజులున్నాయి.

ఒక శనివారం, అబ్బాయిలే ఉన్న ఆ యూనివర్సిటీలో గ్రీకు చదువుకుంటానని అడిగిన అమ్మాయికి ఫాదర్ రాసిన జవాబు చదివాను. హాస్టల్లో గదులు ఖాళీ లేవట. అదే రోజు బిషప్‌కి రాసిన ఉత్తరంలో మాత్రం సగం గదులు ఖాళీగా పడున్నాయని వాపోయారు.

"ఇది స్కిప్ చేద్దాం అంకుల్. చర్చివాళ్లు ఫీలవుతారు."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇన్నేళ్లుగా ఈయన్ని ప్రేమిస్తున్నానమ్మా. ప్రేమించినవాళ్ల గురించి అబద్ధం ఎలా రాస్తాను? రెండు ఉత్తరాలూ పక్కపక్కనే పెట్టు."

ఆ పేజీలు తీసేయమన్నారు చర్చివాళ్లు. ఆయన తీయలేదు, పుస్తకం అచ్చు కాలేదు. జిరాక్స్ షాపులో కొన్ని ప్రతులు బైండ్ చేయించుకున్నారు. ఆదివారాలు మాత్రం అదే చర్చిలో, అదే వరుసలో కూర్చున్నారు. "కోపం రాలేదా?" అని అడిగితే, "వాళ్లకీ ఫాదరంటే ఇష్టమే కదా," అన్నారు.

కిందటి ఏప్రిల్‌లో అంకుల్‌ని ఆ యూనివర్సిటీకి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. పాత రాతి భవనం మెట్ల మీద ఎండలో కూర్చున్నాం.

"ఏం కనిపిస్తోందో చెప్పు," అన్నారు.

"ఎవరో అమ్మాయి పరిగెత్తుకొస్తోంది అంకుల్. క్లాసుకి లేటయినట్టుంది. చేతి నిండా పుస్తకాలు."

ఆయన తడుముకుంటూ కర్ర దగ్గరికి తీసుకున్నారు. కాళ్లు ముడుచుకుని, గోడవైపు జరిగి, ఆ అమ్మాయికి దారి ఇచ్చారు.