ముక్కెటు, మేడమ్?

బంధువుల పెళ్ళికని పామర్రు బయలుదేరిన త్రిపురసుందరిగారు ఆ పెళ్ళి చూడనేలేదు. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్క పొలం మీద, రెండు గద్దల మధ్య తెల్లటిదేదో చప్పుడు లేకుండా చుట్లు తిరుగుతుంటే కారు ఆపించారు. "ఒక్క నిమిషమండీ" అని భర్త మూర్తిగారితో చెప్పి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు దిగారు. ఆ నిమిషం ఎంత పొడుగో మూర్తిగారికి బాగా గుర్తు. ముహూర్తం ఆయన వాచీలోనే దాటిపోయింది.

పొలంలో మెడలు వెనక్కి వాల్చి ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో రిమోట్ పట్టుకున్నాయన పేరు కిరీటి, బెజవాడలో టైల్స్ షాపు ఆయనది.

"ఇంజనెక్కడుందండీ దీనికి?" అని అడిగారు సుందరిగారు.

"లేదండీ."

"మరి దేంతో ఎగురుతోంది?"

"ఎండతోనండీ" అన్నాడు కిరీటి, పైనుంచి చూపు దించకుండానే.

సుందరిగారు ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి కెమిస్ట్రీ చెప్పిన మనిషి. అన్నేళ్ళలో ఒక ప్రశ్నకి అంత పొట్టి జవాబు, అంత నచ్చిన జవాబు ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎండకి నేల కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. రబ్బరు తాడు సాగదీసి ఈ బొమ్మవిమానాన్ని, అంటే గ్లైడర్‌ని పైకి వదిలి, లేస్తున్న ఆ గాలిని వెతికి పట్టుకుని అందులోనే చుట్లు తిరిగితే, చిన్న మోటారు కూడా లేకుండా అది మేడలెత్తు దాటి వెళ్ళిపోతుంది. ఆ గాలిని వాళ్ళు థర్మల్ అంటారు. అది కంటికి కనపడదు. గద్దలకి మాత్రం తెలుస్తుంది. అందుకే ఈ గ్లైడర్ల క్లబ్బు వాళ్ళు గద్దల్ని చూసినంత శ్రద్ధగా తమ పెళ్ళాల్ని కూడా చూడరని ఇళ్ళల్లో గొడవ.

ఆ ఇళ్ళల్లో మూర్తిగారి ఇల్లు తిరగబడిన కేసు. సంవత్సరం తిరిగేసరికి వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద మనిషికన్నా పొడుగున్న రెక్క ఒకటి వచ్చి పడుకుంది. చుట్టాలొస్తే ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని తినాలి. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టబోయినవాళ్ళని సుందరిగారు చూసే చూపుకి దాహం దానంతటదే తీరేది. ఆ రెక్కలు చేసే బాల్సా చెక్క పీచులా తేలిక, గోరు నొక్కితే గుంట పడుతుంది. దాన్ని సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుతూ, కళ్ళు మూసుకుని వేలికొసలతో తడిమి, ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుందో చెప్పేసేవారు. క్లబ్బులో ఎవరి రెక్క విరిగినా ఆవిడ బల్ల మీదికే చేరేది. ఏ ఒక్కటీ అతుకు కనపడేలా తిరిగి వెళ్ళలేదు.

వీళ్ళ సీజను గురించి ఒక మాట చెప్పాలి. వరి కోతలైపోయాయి, పొలాలు ఖాళీయే కదా అనుకునేవాడు ఈ డెల్టా వాడు కాదు. కోతకి ముందే చేలో మినుములు చల్లేస్తారు, వరి పోయేసరికి కింద మినుము మొలిచి కూర్చుంటుంది. ఆ మినుము కూడా పీకేశాకే నేల ఖాళీ. అప్పటినుంచి కాలవలకి నీళ్ళొదిలేదాకా, అంటే బుద్ధున్న జనమంతా తలుపులేసుకుని ఏసీల కింద పడుకునే రోజుల్లో, వీళ్ళు నెర్రెలిచ్చిన నల్లరేగడి మీద టోపీలు పెట్టుకుని నిలబడతారు. పొలం ఆదెమ్మది. పామర్రు పక్కన ఆవిడకి బాగానే భూమి ఉంది, మాట అంతకన్నా గట్టిది. ఆవిడ పెట్టిన షరతు ఒకటే. పక్క చేలో గ్లైడర్ పడితే చెప్పులు విప్పి ఒక్కళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలి, మంద దిగినట్టు అందరూ దిగకూడదు.

సుందరిగారు నేర్చుకునే రోజుల్లో ఒకటి జరిగింది. గ్లైడర్ మనకి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. అదే మనకి ఎదురుగా వస్తున్నప్పుడు రెండూ తారుమారవుతాయి. ఎత్తులో అది చిన్న గీతలా కనిపిస్తుంది కాబట్టి, పోతోందో వస్తోందో తేల్చుకోవడమే ఈ విద్యలో సగం. ఆవేళ పోతోందనుకుని ఆవిడ కుడికి తిప్పారు. అది వస్తోంది. వచ్చి వచ్చి, గట్టు మీద అన్నం తినబోతున్న ఆదెమ్మ పక్కనున్న క్యారేజీని ఎగరగొట్టింది. పప్పు నేలపాలైంది, గిన్నె సొట్టపోయింది. జానెడు ఇటైతే ఆదెమ్మ.

"ఎటొస్తందో తెలీకుండా ఎగరేస్తారేంటి తల్లీ?" అంది ఆదెమ్మ.

సుందరిగారు వారం రోజులు సరిగా నిద్రపోలేదు. తరవాతి ఆదివారం ఒక రూలు పట్టుకొచ్చారు. ఎవరు ఎగరేస్తున్నా, పక్కవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు "ముక్కెటు?" అని అడగొచ్చు. రిమోట్ మీద వేలు కదిపి చూసుకోకుండా జవాబు చెప్పాలి, కాలవ వైపో, రోడ్డు వైపో, మన వైపో. చెప్పలేకపోతే పక్కవాళ్ళకి రిమోట్ ఇచ్చెయ్యాలి. వాదన లేదు, పెద్దాచిన్నా లేదు. కిరీటి అంతటివాడే రెండుసార్లు రిమోట్ ఇచ్చి, మొహం ముడుచుకుని, నీళ్ళ క్యాను దగ్గర కూర్చోవలసి వచ్చింది. రూలు పెట్టాక ఆ పొలంలో క్యారేజీకి గాని మనిషికి గాని దెబ్బ తగల్లేదు.

మొదట్లో ఆదెమ్మ పని చేసుకుంటూ కూడా ఒక కన్ను ఆకాశం మీదే ఉంచేది. కొన్నేళ్ళకి చూడ్డం మానేసింది. వీపు ఇటు పెట్టి తన పని తను చేసుకునేది. సుందరిగారికి క్లబ్బు వాళ్ళిచ్చిన కప్పులూ షీల్డులూ ఇంట్లో చాలా ఉన్నాయి. వాటన్నిటికన్నా ఆ వీపు చూస్తే ఎక్కువ గర్వంగా ఉండేది.

అలాంటి మనిషికి కళ్ళ దగ్గర వచ్చింది కష్టం. పోయిన వానాకాలం పేపరు చదువుతుంటే హెడ్డింగు మధ్యలో అక్షరాలు మాయమయ్యాయి. డాక్టరు చూసి, కంటి వెనక పొర నడిమధ్య దెబ్బతింటోందన్నాడు. మందుతో నెమ్మదిస్తుంది గాని పోయింది తిరిగి రాదన్నాడు. నేరుగా చూసింది కనపడదు, పక్కలు కనిపిస్తాయి. మూర్తిగారు డాక్టరు గది బయటికొచ్చాక ఒకే మాటన్నారు. "క్లబ్బు వాళ్ళకి చెప్తావా?"

"చెప్తానండీ, సీజను రానివ్వండి" అన్నారావిడ.

సీజనొచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఆదివారం ఉండదు. అంతే. ఆవిడ దానికి వేరే పేరు పెట్టుకోలేదు.

పైగా ఒక ఉపాయం దొరికింది. గ్లైడర్‌ని నేరుగా చూస్తే మాయం, ఓరగా చూస్తే మసకమరకలా కనిపించేది. ఉందని తెలుస్తుంది, ముక్కు ఎటుందో తెలియదు. మొదటి ఆదివారమే కిరీటి అలవాటుగా అడిగాడు. "ముక్కెటు మేడమ్?" ఆవిడ ఒక్క క్షణం ఆగి, "కాలవ వైపు" అన్నారు. ఊహించి చెప్పారు. అది నిజంగానే కాలవ వైపే ఉంది. ఇంకోవారం సింధూరి అడిగింది. మళ్ళీ ఊహ, మళ్ళీ నిజం. సింధూరి ఒకప్పుడు ఆవిడ దగ్గర కెమిస్ట్రీ చదువుకున్న పిల్ల, ఇప్పుడు మంగళగిరిలో బ్యాంకు ఉద్యోగం. ఆవిడ దగ్గరే గ్లైడర్ ఎగరెయ్యడమూ నేర్చుకుంది. ఆ రాత్రి సుందరిగారికి భోజనం సయించలేదు. పిల్లకి తను నేర్పిన రూలుకి, ఆ పిల్లకే అబద్ధం చెప్పారు. సరైన జవాబు చెప్పారు గాని అబద్ధమే చెప్పారు.

ఆ తరవాత ఎవరూ అడగలేదు. హమ్మయ్య అనుకున్నారావిడ.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం. పదింటికే నేల పెనంలా కాగింది. పొలానికి ఆ చివర ఆదెమ్మ బరకాలు పరిచి మినుములు ఆరబోసి, వంగి చేత్తో తిరగేస్తోంది. సింధూరి ఎగరేసి దింపింది. ఆ కాసేపట్లో ఆమెని "ముక్కెటు?" అని ముగ్గురు అడిగారు. కిరీటి ఎగరేశాడు, అతణ్ణి అయితే వెనకనుంచి చెవిలో అరిచారు. సుందరిగారి వంతు వచ్చింది. సింధూరి రబ్బరు తాడు లాగి వదిలింది. గ్లైడర్ సర్రున లేచి, తాడు విడిచి, గాలిలో పడింది. అందరూ మాటలాపారు.

ఆ నిశ్శబ్దం ఆవిడకి అప్పుడు వినపడింది. ఒక్కరూ అడగడం లేదు. ఇవాళే కాదు, ఎన్ని వారాలుగానో అడగడం లేదు. అంటే వీళ్ళందరికీ తెలుసు. మేడమ్ మనసు కష్టపడుతుందని, తను పెట్టిన రూలు నుంచి తననే తప్పించారు. ముందు సిగ్గేసింది. వెనకే కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునేలోపు, ఓరచూపులో ఆదెమ్మ కనిపించింది. నేల మీద మనిషి కాబట్టి ఆమె మాత్రం పోల్చుకునేంత కనిపించింది. బరకం మీద వంగి, ఆకాశానికి వీపు పెట్టి, చీర కొంగు నెత్తిన కప్పుకుని, ఏ అనుమానమూ లేకుండా మినుములు తిరగేస్తోంది. ఆమె మీద ఎక్కడో ఎత్తులో ఆ మసకమరక.

"సింధూ" అన్నారు సుందరిగారు.

"మేడమ్."

"అడగవేం?"

కిరీటి చెప్పు అంచుతో మట్టిగడ్డ తన్నాడు.

"నిన్నేనమ్మా. అడుగు."

"వద్దు మేడమ్... బానే ఎగురుతోంది కదండీ."

"బానే ఎగురుతోందో లేదో నువ్వు చెప్పడం కాదు. రూలు ప్రకారం నేను చెప్పాలి. అడుగుతావా, క్లాసు బయట నిలబెట్టమంటావా?"

సింధూరి కళ్ళు తుడుచుకుంది.

"ముక్కెటు, మేడమ్?"

ఊహించొచ్చు. రెండుసార్లు నెగ్గింది, మూడోసారీ నెగ్గవచ్చు. కాలవ వైపు అనే మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే వచ్చే ఆదివారం ఉంది, ఆపైది కూడా ఉంది. అనకపోతే ఏమీ లేదు.

"తెలీదు" అన్నారు సుందరిగారు. "నాకు కనపడట్లేదమ్మా. తీసుకో."

రిమోట్ చేతులు మారింది. గ్లైడర్ ముక్కు రోడ్డు వైపు ఉందని, బరకాల నెత్తి మీదికి దిగుతోందని సింధూరికి ఒక్క చూపులో తెలిసింది. పైకి చెప్పకుండా ముందు దాన్ని పక్కకి తిప్పింది. కాని అక్కడ పైకి లేచే గాలి లేదు, ఎత్తు తగ్గుతోంది. అప్పుడు సుందరిగారు మెడ వెనక చల్లటి గాలి తాకడం గమనించారు. లేస్తున్న వేడిగాలి చుట్టుపక్కల గాలిని తనలోకి లాక్కుంటుంది కదా.

"గాలి కాలవ వైపు లాగుతోంది. అటు పోనీ. తొందరపడకు."

సింధూరి అటు పోనిచ్చింది. కాసేపటికి రెక్క ఒకటి ఎగదన్నింది, తరవాత గ్లైడరే లేచింది. పొలంలో వాళ్ళంతా అరిచారు. ఎంత ఎత్తుకెళ్ళిందని సుందరిగారు అడిగారు. "గద్దలకన్నా పైన మేడమ్" అంది సింధూరి. అది దిగి, నేలని రాసుకుంటూ వచ్చిన చప్పుడు ఆగేదాకా ఆవిడ విన్నారు.

గోల విని ఆదెమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. సుందరిగారే సంగతి చెప్పారు.

"అయితే ఇన్నాళ్ళూ కనపడకుండానే నా నెత్తిమీద తిప్పావా?"

"తిప్పాను ఆదెమ్మా."

ఆదెమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. "తాగు, ఎండగా ఉంది" అని చెంబు చేతిలో పెట్టింది.

తిరుగు దారిలో ఉయ్యూరు వచ్చేదాకా సుందరిగారు ఏడ్చారు. మూర్తిగారు చెరుకురసం బండి దగ్గర కారాపి, రెండు గ్లాసులు చెప్పి, ఒకటి ఆవిడకిచ్చి, ఆనాడు తామిద్దరూ ఎగ్గొట్టిన పెళ్ళిలోని పెళ్ళికూతురికి ఇప్పుడు కాలేజీ చదివే కూతురుందని చెప్పారు. ఏడుస్తూనే ఆవిడకి నవ్వొచ్చింది.

మరుసటి ఆదివారం ఆవిడ వస్తారని ఎవరూ అనుకోలేదు. అందరికన్నా ముందొచ్చారు. మడతకుర్చీ, గొడుగు, అందరికీ సరిపడా పులిహోర. గ్లైడర్ సింధూరికిచ్చేశారు, రెక్కల మరమ్మతు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వేలికొసలకి కళ్ళతో పనేముంది? ఆ చివర ఆదెమ్మ పొలానికి వీపు పెట్టి కూర్చుని, మినుములు గోనెల్లోకి ఎత్తుతోంది. మెడ తిప్పి ఒక్కసారి కుర్చీ వైపు చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

ఇప్పుడు ఆ పొలంలో "ముక్కెటు?" అని అడిగేది ఎక్కువగా సుందరిగారే. పులిహోర నోట్లో ఉన్నా అడుగుతారు, కబుర్ల మధ్యలో అడుగుతారు, కిరీటి గొప్పలు చెప్పుకుంటున్నప్పుడైతే కావాలనే అడుగుతారు. చెప్పిన జవాబు నిజమో కాదో ఆవిడకి కనపడదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆవిడ అడిగినప్పుడు ఊహించి చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.