ఎప్పుడూ ఉండే నీలమే

మా ఆయనకు మొండితనం ఎక్కువ, నాకు నోరెక్కువ. కమలాపురంలో మగ్గాలవాళ్లకు నూలుకు నీలిరంగు వేసి ఇవ్వడం మా పని. ముంచి, పిండి, ఆరేసి ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉండేవి. పెళ్లిపీటల మీద ఆ చేతులు చూసి నేను జడుసుకున్నానని జీవితమంతా ఎగతాళి చేశాడు.

యాభై దాటాక ఒకరోజు రంగుతొట్టి దగ్గర తడి బండ మీద జారి పడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. మా వీధిలోనే ఉండే కట్లు కట్టే సాయిబు వచ్చి, చంకలో మడమ ఆనించి లాగితే కీలు టక్కున కూర్చుంది. సాయిబు కట్టు కట్టి పోయాడు. మా ఆయన నొప్పి తగ్గిందన్నాడు. హాయిగా సంకటి తిన్నాం.

సాయంత్రానికి "వేళ్లు తిమ్మిరెక్కతాండాయి" అన్నాడు. కట్టు బిగువేమోనని వదులు చేసి, చేతిని తిప్పి చూశాను. నీలంగా ఉంది. ఎప్పుడూ ఉండే నీలమే కదా అనుకున్నాను. ఇంకెవరి చెయ్యి అలా రంగు మారినా వీధంతా లేచేది. తలచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మరునాడు పొద్దున మొహం కడిగించబోయి రెండు చేతులూ పట్టుకున్నాను. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది కుండలో నీళ్లలా చల్లగా తగిలింది. పరుగున పోయి సాయిబును పిలుచుకొచ్చాను. సాయిబు మా ఆయన మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి వెతికాడు. చంక తడిమితే లోపల గడ్డలా ఉబ్బి ఉంది.

"నాడి తగలడం ల్యాదమ్మా. ఎముకైతే నా పని. ఇది నెత్తురు పని. ఇప్పుడే కడపకు పోండి" అన్నాడు.

"ఆడ చెయ్యి కోసేస్తారు. నేను రాను. చెయ్యి లేనోణ్ణి నన్నేం చేసుకుంటావే?" అన్నాడు మా ఆయన.

"చెయ్యి ఉండి నువ్వు నాకు చేసిపెట్టింది శానా ఉండాదిలే! లెయ్యి" అని రైలెక్కించాను.

కడప ఆసుపత్రిలో డాక్టరు చంక కోసి, చిరిగిన రక్తనాళానికి ముడి వేశాడు. పక్కనుండే చిన్న నాళాల గుండా నెత్తురు తోవ చేసుకుంటే చెయ్యి బతుకుతుందనీ, లేకపోతే తీసెయ్యక తప్పదనీ చెప్పాడు. రెండు రోజులు ఆ చల్లటి చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిమిట్ట రాముడికి మొక్కాను, కాసేపయ్యాక తిట్టాను కూడా.

మూడో రోజు చూపుడువేలి కొన వెచ్చబడినట్టనిపించింది. నిజమో భ్రమో తెలియక పెదవికి ఆనించి చూశాను. నిజమే. ఏడుపు ఆగలేదు. వార్డు నిండా జనం. నలుగురిలో నా పక్కన నడవడానికే సిగ్గుపడే మనిషి, కళ్లు తెరిచి, ఆ వేళ్లు మెల్లగా ముడిచి నా చెయ్యి పట్టుకున్నాడు. పసిబిడ్డ పట్టంత కూడా లేదు. డాక్టరు వచ్చి ఎదురుగా నిలబడినా వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.