నలభై ఎనిమిది బొమ్మల నవ్వు

మా వీధి చివరి మేడలో, కింది వాటాలో ఉండే బొమ్మలాయన గురించి ఒక మాట గాలికి తిరుగుతోంది. అక్క పోయిన నాలుగో రోజునే అద్దం ముందు నిలబడి పకపకా నవ్వుకున్నాడట. ఈ మాట పుట్టించింది మేడమీదావిడ. మెట్లు దిగుతూ కిటికీలోంచి చూసిందట.

"పళ్ళన్నీ బయటపెట్టి మరీ నవ్వాడు పిన్నిగారూ! నా కళ్ళతో నేను చూశాను" అని రొట్టెల కొట్టు దగ్గర నన్ను పట్టుకుని చెప్పింది. సాయంత్రానికి ఆ నవ్వుకు పాట కూడా తోడయింది. మర్నాటికి ఆయన గంతులు వేశాడన్నారు.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఒక మనిషి నవ్విన మాట నిజమే. ఆ మనిషి ఆయన మాత్రం కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను.

బొమ్మలాయనకు నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అక్కా, తమ్ముడూ, రెండు గదులు. ముందు గదిలో అక్క కుట్టుమిషను, వెనక గదిలో తమ్ముడి బల్ల. అక్క పదకొండేళ్ళు పెద్దది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. మా వీధిలో పొట్టివైన గౌన్లూ వదులైన ప్యాంట్లూ అన్నీ ఆవిడ చేతికే వెళ్ళేవి. ఎప్పుడు వెళ్ళినా ఆవిడ పెదవుల మధ్య గుండుసూదులు బిగించి ఉండేవి. నోటి పక్కనుంచి మాట్లాడేది. "నించో. కదలకు. చెయ్యెత్తు." అంతే. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. అలాంటి నాకే, ఇరవై ఏళ్ళు తంటాలు పడ్డా, ఆవిడ దగ్గర మూడు మాటలకు మించి రాలలేదు.

ఆయన పనేమిటో కనుక్కోవడానికి కూడా చాలా కాలం పట్టింది. ఆదివారం పొద్దున టీవీలో ఒక బొమ్మల సీరియల్ వస్తుంది. మా మనవరాలు దాన్ని యానిమే అనాలంటుంది. ఒక పిల్ల చిన్న పడవ వేసుకుని దీవి దీవికీ తిరిగి ఉత్తరాలు పంచుతుంది. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. దానికి బొమ్మలు గీసే కంపెనీలో ఒకరు సముద్రం గీస్తారు, ఒకరు జుట్టు గీస్తారు. ఈయన ఆ పిల్ల నోరు గీస్తాడు.

"తొమ్మిదేళ్ళ నుంచీ నోరొక్కటేనా?" అని ఒకసారి అడిగాను.

"మూడు నోళ్ళు పెద్దమ్మా. మూసిందొకటి, సగం తెరిచిందొకటి, పూర్తిగా తెరిచిందొకటి. అవి మార్చి మార్చి పెడితే మాట్లాడినట్టుంటుంది. టీవీకి అవి చాలు" అన్నాడు.

"మరి నవ్వో?"

"ఆ పిల్ల నవ్వదు."

నిజమే. ఊళ్ళవాళ్ళందరికీ ఉత్తరాలు ఇస్తుంది గానీ తనకు ఒక్కటీ రాదు. అందుకని నవ్వదు.

ఈ ఏడు ఆ సీరియల్‌ని మొదటిసారి సినిమాగా తీస్తున్నారని తెలిసింది. రెండు గంటల సినిమా, హాల్లో ఆడుతుంది. ఆ కబురు నాకు చెప్పడానికి అక్క నోట్లోని సూదులు తీసి అరచేతిలో పెట్టుకుంది. "మావాడు గీసింది పెద్ద తెర మీద చూపిస్తారండీ. చివర్లో ఆ పిల్ల నవ్వుతుందట. ఆ నవ్వు మావాడికే ఇచ్చారు" అంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ నాతో అంత పొడుగు మాట అనడం అదొక్కసారే. మళ్ళీ సూదులు నోట్లో పెట్టేసుకుంది. సినిమా మొదటి ఆటకు తమ్ముడు వేసుకెళ్ళడానికి నీలం చొక్కా గుడ్డ కత్తిరించి ఉంచింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ చొక్కా కుడుతూనే మిషను మీదికి వాలిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

ఆయన ఏడవలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు. వాళ్ళు వెళ్ళాక ఆ కుర్చీలు మడతపెట్టి గోడకు ఆనించాడు. మూడో రోజు బల్ల ముందు కూర్చున్నాడు. నాలుగో రోజు మేడమీదావిడ ఆయన్ని చూసింది.

ఐదో రోజు నేను వెళ్ళాను. నా మనవరాలి గౌను అక్క దగ్గరే ఉండిపోయింది, అది తెచ్చుకునే నెపంతో వెళ్ళాను. ఒక చెయ్యి కుట్టి ఉంది, రెండోది సూదులతో గుచ్చి ఉంది. ఆయన దాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు.

"సూదులు జాగ్రత్త. ఇంకో మూడుండాలి. అవి నోట్లో పెట్టుకుంది. తీసి డబ్బాలో వేశాను" అన్నాడు. బజారు నుంచి ఏమేం తెచ్చాడో చెప్పినట్టే చెప్పాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని "ఆ అద్దం సంగతేమిటి నాయనా? వీధంతా కోడై కూస్తోంది" అన్నాను.

"నోరు గీసేవాళ్ళందరి బల్ల మీదా అద్దం ఉంటుంది పెద్దమ్మా. ఆ నోరు మనం పెట్టి చూసుకుని గీస్తాం." కాగితాల కట్ట నా ముందుకు జరిపాడు. "నవ్వు నాలుగు సెకన్లు. నలభై ఎనిమిది బొమ్మలు. మూడుసార్లు పంపాను, మూడుసార్లూ తిప్పి పంపారు. శుక్రవారం లోపల కుదరకపోతే వేరేవాళ్ళకి ఇస్తారట."

తొమ్మిదేళ్ళు ఆ పిల్ల నోరు గీసింది ఈయన. తీరా నవ్వే వేళకు అది ఇంకొకరి చేతికి పోతుంది. అక్క చెప్పుకున్న గొప్ప ఇదే కదా అనిపించింది. కట్ట పైన కంపెనీ పెద్ద ఎర్ర సిరాతో రాసిన చీటీ ఉంది. కళ్ళజోడు సర్దుకుని చదివాను. 'అమ్మాయి నవ్వుతున్నట్టు లేదు. పన్ను పీకమని డాక్టరు ముందు నోరు తెరిచినట్టుంది' అని ఉంది.

కింద బొమ్మ చూశాను. అచ్చం అలాగే ఉంది.

నాకు నవ్వొచ్చేసింది. చావు జరిగిన ఇల్లు, ఆవిడ చేతిలో సగంలో ఆగిన గౌను నా చేతిలో ఉంది. దాన్ని నోటికి అడ్డం పెట్టుకునేలోపే నవ్వు బయటపడిపోయింది. ఆపుదామంటే ఇంకా పొంగుకొచ్చింది. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు కూడా. గోడ గడియారంలో టైము చూసినట్టు నా మొహం చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోయి ఇంటికొచ్చేశాను. ఆ ఇంట్లో నవ్వింది నేను. మేడమీదావిడకు ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పలేదు.

సినిమా నాలుగు నెలల తర్వాత వచ్చింది. మనవరాలు నన్ను తీసుకెళ్ళింది. చివరి దీవిలో పిల్ల సంచి దులుపుతుంది. ఒక్క ఉత్తరం మిగిలి ఉంటుంది. అది తన పేరు మీదే ఉంటుంది. విప్పి చదువుతుంది. ముందు ఆ పిల్ల భుజాలు కదిలాయి. తర్వాత ఎడమ కన్ను మూసుకుపోయింది. సంచి నోటికి అడ్డం పెట్టుకోబోయింది, అది కాస్త ఆలస్యంగా లేచింది. నవ్వేసింది. నాలుగు సెకన్లే. నా పక్కన ఎవరో ముక్కు చీదుకున్నారు. మనవరాలు తెర వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. ఏమిటే అంటే ఏం లేదంది.

అప్పటినుంచి వీధిలో కొత్త మాట మొదలైంది. అక్క నవ్వు తెచ్చి ఆ పిల్లకు పెట్టాడని. గంతులు వేశాడన్న నోళ్ళే ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నాయి. "తోడబుట్టినది తెర మీద బతికే ఉంది పిన్నిగారూ" అని మేడమీదావిడ. ఈ మాట నాకూ నచ్చింది. నేనూ నలుగురికి చెప్పాను. అయినా ఆయన్నే అడిగి రూఢి చేసుకోకపోతే నాకు నిద్ర పట్టదు కదా.

నిన్న వెళ్ళాను. ముందు గదిలో మిషను అలాగే ఉంది. నీలం చొక్కా దాని మీదే ఉంది, కాలరు ఇంకా పడలేదు. సినిమా చూశావా అంటే లేదన్నాడు.

"అదేమిటి నాయనా, అంత కష్టపడి?"

"ప్రతి బొమ్మా చూశాను కదా పెద్దమ్మా."

ఇక దాచుకోలేక అడిగేశాను. "చివర్లో ఆ నవ్వు మీ అక్కదే కదూ?"

ఆయన పెన్సిలు చెక్కుతున్నాడు. చెక్కడం అయ్యేదాకా ఆగాడు. పొట్టు అరచేతిలోకి తీసుకుని బుట్టలో వేశాడు.

"కాదు. దానికోసమే అద్దం ముందు నించున్నాను. అక్క ఎలా నవ్వేదో గుర్తు రాలేదు. దగ్గడం గుర్తుంది. సూదులు పెట్టుకుని మాట్లాడటం గుర్తుంది. నవ్వే రాలేదు. ఆ రోజు మీరు గౌను కోసం వచ్చి నవ్వారు చూడండి, అది గీశాను."