దసరా నూనె

పాత రికార్డు ప్లేయర్‌లో నూనె పోసేవాళ్లను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇవాళ కొత్తగా వచ్చిన కోపం కాదు, పానా పట్టిన నాటి నుంచీ ఉన్నదే. భువనగిరిలో ఖిలాకు పోయే దారిలో నా దుకాణం. జిల్లా అయ్యాక చుట్టూ సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి, కిరాయి పెరిగింది. నేను మాత్రం ఆ పాత పెట్టెలే ముందేసుకుని కూర్చున్నాను.

పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ల మీద ఇంకో రకం కోపం. వాళ్లకు పెట్టె కావాలి, పాట అక్కర్లేదు. లోపలి యంత్రాన్ని పీకేసి బ్లూటూత్ స్పీకరు పెట్టించుకుని, హాల్లో అలంకారానికి ఉంచుకుంటారు. ఒకాయన ఆ పని నన్నే చేయమన్నాడు. "నీ కడుపుల పేగులు తీసి గడ్డి కుక్కుకుంటవా సారూ?" అని అడిగాను. మళ్లీ ఈ దిక్కు రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఇంటావిడ రోజూ చెబుతుంది. ఊరు మంచిదే. నోరే నా మాట వినదు.

ఆటోమేటిక్ ప్లేయర్ అంటే ఇప్పటివాళ్లకు విడమరచి చెప్పాలి. దాన్ని మనం ముట్టుకోనక్కర్లేదు. మీట నొక్కితే ముల్లున్న చెయ్యి తనంతట తానే లేచి రికార్డు అంచున దిగుతుంది. పాట అయిపోగానే మళ్లీ లేచి తన జాగాకు పోయి పడుకుంటుంది. పాట అయిపోయిందని దానికి చెప్పేది పళ్లెం కింద ఉండే చిన్న ఇనుప రేకు. ఊదితే కదిలేంత తేలికగా ఉండాలది. దానికి చుక్క నూనె కూడా తగలకూడదు. తగిలితే ఆ నూనె కొన్నాళ్లకు జిగురై, రేకును పట్టేస్తుంది. ఇంక చెయ్యి లేవదు. ఈ మాట గొంతు ఎండేదాకా ఎంతమందికి చెప్పానో. ఎవరు వింటారు? యంత్రం కనబడితే చాలు, నూనె సీసా పట్టుకొస్తారు.

మొన్నటి వానాకాలంలో రామన్నపేట నుంచి ఒక ముసలాయన ఆటోలో పెట్టె వేసుకుని వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు మైకు సెట్టు కిరాయికి ఇచ్చినాయన. పెళ్లిళ్లలో ఆయన రికార్డు మార్చేటప్పుడు వంగి వంగి చూసి తిట్లు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. తిట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నానేమో.

ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. చాయ్ గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గీ చేత ముల్లు పెడితే రికార్డంత గీకుతాంది," అన్నాడు. "గిది దానంతట అదే ఆడాలె. పాట వినాల్నంటే ఇంకొకన్ని బతిమాలుడు నాతోని కాదు. దసర లోపల చేసియ్యి. కాదంటే ఇప్పుడే చెప్పు, తీస్కపోయి చెర్వుల పారేస్త."

"చెర్వుల పారేస్తవా? పారెయ్యి, నేనే ఆటో మాట్లాడుత," అన్నాను. ఆయన నవ్వాడు. మా ఇద్దరికీ మర్యాదగా మాట్లాడుకోవడం అలవాటు లేదు.

ఆయన ముందే పళ్లెం ఎత్తాను. చూసి నా మతి పోయింది. లోపలంతా నల్లటి జిగురు. కుంకుమ, పసుపు అందులో కలిసి గట్టిపడ్డాయి. రబ్బరు చక్రం నూనె తాగి ఉబ్బింది. ఇదంతా చాలదన్నట్టు, ఆ చిన్న రేకు సందులో ఎండిన జమ్మి ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. దసరా నాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టే ఆకు తెచ్చి యంత్రం నోట్లో పెట్టారు.

"ఎవలు కాకా గింత నూనె పోసింది?"

"ఇంట్ల," అన్నాడు. "దసరకు కడిగి, నూనె పోసి, బొట్టు పెడ్తది. నాకు అన్నం పెట్టిన మిషిని అని."

"చిన్నమ్మనా? ఎన్నేండ్ల సంది?"

"పెట్టె ఇంటికొచ్చిన కాడి సంది."

ఇంక నా నోటికి అడ్డు లేకపోయింది. "చిన్నమ్మకు తెల్వకుంటే నీకన్నా తెల్వదా? గిన్నేండ్లు మైకు సెట్టు నడిపినోనివి, జర ఆపరాదు? మిషినికి పూజేందే? మిషిను మంచిగుండాల్నంటే దాని దిక్కు పోవద్దు. పోయి చిన్నమ్మకు చెప్పు, ఈ దసరకు గీ పెట్టె మీద చెయ్యి పెట్టద్దని."

తిరిగి నాలుగు తిడతాడని చూశాను. తిట్టలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్త," అని లేచి బస్సుకు పోయాడు.

నేను గెలిచానని అనుకున్నాను. సిగ్గులేని మాటే, కానీ నిజం. ఆ ముసలాయన నోరు మూయించిన మొనగాణ్ణి నేనేనని సాయంత్రం ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

ఆ పెట్టె నా ప్రాణం తోడేసింది. ఒక్కొక్క ముక్క విప్పి గాసునూనెలో నానబెట్టాను. పుల్లకు గుడ్డ చుట్టి చక్రాల పళ్ల సందుల్లో జిగురు గీకాను. గీకుతున్నంతసేపూ నేనెన్నడూ చూడని ఆ చిన్నమ్మను తిడుతూనే ఉన్నాను. రేకును పొడిగా తుడిచి ఊదితే కదిలింది. రబ్బరు చక్రం కొత్తది దొరక్క, నా దగ్గర పాడైపోయిన ఇంకో పెట్టెలోది తీసి వేశాను. అప్పుడు చెయ్యి లేచింది గానీ రికార్డు అంచు దాటి బయట దిగింది. దాన్ని సరిచేయడానికి చెయ్యి మొదట్లో ఒక స్క్రూ ఉంటుంది. కొంచెం ఎక్కువ తిప్పితే పాట మధ్యలో దిగుతుంది, కొంచెం తక్కువైతే ముల్లు విరుగుతుంది. దాంతోనే రెండు రోజులు పోయాయి.

అంతా అయ్యాక పైరేకు చూస్తే ఒక మూల బొట్టు. పసుపు మీద కుంకుమ, ఏడాది మీద ఏడాది పెట్టి చింతగింజంత మందాన పేరుకుంది. ఈ పొడే కదా లోపలికి రాలింది అని మళ్లీ మండింది. స్పిరిట్ పోసి రుద్దాను. తొందరగా రాలేదు. పట్టుబట్టి రుద్ది, ఆ మూల తళతళలాడేదాకా వదల్లేదు.

దసరా ఇంకా వారం ఉందనగా ఆయన వచ్చాడు. తన రికార్డు తనే తెచ్చుకున్నాడు. దాన్ని పళ్లెం మీద పెట్టి, ఆయన వణికే వేలితోనే మీట నొక్కించాను. చెయ్యి లేచింది, జరిగింది, సరిగ్గా అంచున దిగింది. పాట మొదలైంది. పాట అయిపోయాక తనే లేచి జాగాకు పోయింది. ఇరవై ఏళ్లలో అంత బాగా కుదిరిన పని నాకు ఇంకోటి లేదు. మెచ్చుకుంటాడని మొహం చూశాను.

ఆయన చూపు ముల్లున్న చెయ్యి మీద లేదు. నేను రుద్దిన మూలను చూస్తున్నాడు.

"బొట్టేదిర?"

"తుడిచేసిన. గదే కదా లోపల పడి పాడు చేసింది. చిన్నమ్మకు చెప్పినవా లేదా?"

"చెప్పనీకి యాడున్నది? ఉగాది ముంగటనే పాయె," అన్నాడు.

ముల్లు పెట్టడానికి ఇంకొకరిని బతిమాలుకోలేనని మొదటి రోజే చెప్పాడు. అన్నేళ్లూ ఆ వణికే చేతికి బదులు ఎవరు పెట్టారని నేను అడగలేదు. నాకు నూనె కనబడింది, అంతే. నా నోట్లో మట్టి పడ. ఆ రోజే ఆయన నా చెంప మీద ఒకటి కొట్టి ఉంటే బాగుండేది. "చెప్త" అని పోయాడు.

తప్పయిపోయింది కాకా అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. తళతళలాడే మూలను బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"తుడిచిన గుడ్డ ఉన్నదా?" అని అడిగాడు.

బల్ల కింద డబ్బాలో వెతికాను. ఆ పెట్టెకు వాడినవి నాలుగు గుడ్డలు దొరికాయి. నాలుగూ జిగురుతో నల్లగా ఉన్నాయి. వెలుతురులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాను. ఆమె బొట్టు తుడిచింది ఏ గుడ్డతోనో నాకు తెలియలేదు. ఆ మాటే ఆయనకు చెప్పాను.

"నాలుగూ కట్టియ్యి," అన్నాడు.